చుక్కలు కారనియ్యి బిడ్డా

నల్లగొండ,
ఆదివారం రాత్రి

చిరంజీవి బిడ్డకు మీ మామ దీవించి రాయునది.

పొద్దున మీ అమ్మ ఫోన్ చేసింది. పాలమూరు ఫ్లాట్‌లో గీజర్ కింద తుప్పు నీళ్ళు కారుతున్నాయని, కొత్తది కొంటున్నావని, బిగించడం కూడా వీడియోలు చూసి నువ్వే చేస్తానంటున్నావని చెప్పింది. "నీ మేనకోడలు, నీ పోలికే" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. గర్వం లేదని కాదు. మా కాలంలో ఆడపిల్ల ఫ్యూజు వేస్తానంటేనే ఇల్లంతా కేకలేసేది. నువ్వు సొంత జీతంతో కొనుక్కున్న ఇంట్లో స్పానర్ పట్టుకుంటానంటున్నావు. కానీ ఫోన్ పెట్టేసినప్పటి నుంచి టీ కూడా సయించలేదు. మాటల్లో చెప్తే "సరే మామా, సరే మామా" అని పెట్టేస్తావు. అందుకే కాగితం మీద రాస్తున్నాను. మీ బావ ఫొటో తీసి వాట్సాప్‌లో పెడతాడు.

కొనే సంగతి ముందు. ఉన్నది ముగ్గురే, 15 లీటర్లది చాలు. 2000 వాట్ల కాయిల్ చలికాలం నీళ్ళను 20 డిగ్రీల నుంచి 60కి తేవడానికి ఇరవై నిమిషాల పైచిలుకు పడుతుంది, ముప్పావు యూనిట్ లోపే కాలుతుంది. 25 లీటర్లది కొంటే అరగంట దాటుతుంది, మిగిలిన వేడినీళ్ళు ఊరికే చల్లారతాయి. మంచి కంపెనీది, స్టార్లు ఎక్కువున్నది 7 వేల నుంచి 10 వేల మధ్య వస్తుంది. దుకాణంలో చెప్పేది గీజర్ ధర ఒక్కటే. కనెక్షన్ పైపులు, యాంగిల్ కాక్‌లు, గోడ బోల్టులు, ప్లంబర్ కూలి కలిపితే ఇంకో వెయ్యి, పదిహేను వందలు. కరెంటు పని కూడా తేలితే మూడు నాలుగు వేలు. మొత్తం 16 వేలు పక్కన పెట్టుకో. మిగిలితే పిల్లవాడికి స్వెట్టర్ కొను.

గ్యాస్ గీజర్ చవక అని ఎవరైనా చెప్తే వినకు. మీ బాత్రూంలో ఉన్నది అరచేయంత కిటికీ. తలుపు మూసుకుంటే ఆ మంట వదిలే విషవాయువుకు వాసన కూడా ఉండదు.

మీ అపార్ట్‌మెంట్‌లో బాత్రూంకి వచ్చేది బోరు నీళ్ళా, నల్లా నీళ్ళా? వాచ్‌మన్‌ను అడుగు. బోరైతే ఏడాదికోసారి గీజర్ విప్పించాలి. నా రిపేరు దుకాణానికి వచ్చిన కాయిల్స్ సున్నం పట్టి మక్క కంకంత లావున ఉండేవి. మన నల్లగొండలో నీళ్ళ తప్పులన్నీ ఫ్లోరైడ్ మీదే వేసేస్తాం. అది తాగినవాళ్ళ ఎముకలను తింటుంది, కాయిల్‌ను తినేది మాత్రం సున్నం. ట్యాంకులో మెగ్నీషియం రాడ్ ఒకటి ఉంటుంది. అది తాను కరుగుతూ ట్యాంకుకు తుప్పు రాకుండా కాస్తుంది. నీ పాత గీజర్‌లో అది ఎప్పుడో అయిపోయి ఉంటుంది. నీకు ఫ్లాట్ అమ్మినవాళ్ళు దాని మొహం చూసి ఉండరు.

ఇక నేను చెప్పాలనుకున్నది. చల్లనీళ్ళు లోపలికి వెళ్ళే చోట వేలెడంత ఇత్తడి వాల్వ్ పెడతారు. సేఫ్టీ వాల్వ్. అది నీళ్ళను వెనక్కు పోనివ్వదు, లోపల ప్రెషర్ పెరిగితే పక్కనున్న చిన్న మూతి నుంచి వదిలేస్తుంది. నీళ్ళు కాగితే ఉబ్బుతాయి కదా, నీ 15 లీటర్లు కాగేసరికి గ్లాసుడు నీళ్ళు ఎక్కువవుతాయి. అవే చుక్కలుగా కారతాయి. అది లీకేజీ కాదు. ఇది నాకు తెలియదా? ముప్పై ఏళ్ళు మోటార్లు వైండింగ్ చేసినవాణ్ణి. తెలుసు. తెలిసే మూశాను.

నీకప్పుడు ఆరేళ్ళు. మా పాత ఇంటి బాత్రూంలో ఆ చుక్క పడేచోట గచ్చు మీద పాకుడు పట్టింది. మీ అత్తమ్మ రెండుసార్లు జారింది. "ఊరందరి మోటార్లు బాగుచేస్తవు, ఇంట్ల చుక్క ఆపరాదా" అని రోజూ ఒకటే పోరు. ఒక ప్లాస్టిక్ ట్యూబు తగిలించి మోరీ దాకా వదిలితే అయిపోయేది. పది రూపాయల పని. నేను ఆ మూతికి టెఫ్లాన్ టేపు చుట్టి, నీళ్ళు రాకుండా డమ్మీ అనే బిరడా బిగించాను. చుక్క ఆగింది. మీ అత్తమ్మ మెచ్చుకుంది, నేను మీసం దువ్వుకున్నాను.

దానికి ముందటి ఏడాది, నీళ్ళు మరీ కాగితే కరెంటు ఆపేసే కటౌట్ మాటిమాటికీ పడిపోతోందని ఒక మెకానిక్ దాన్ని తప్పించి వైరు డైరెక్ట్ చేసి పోయాడు. కొత్తది దొరికాక వేద్దామన్నాడు, నేనూ తలూపాను. అది దొరకలేదు. నేను వెతకనూ లేదు.

భోగి పొద్దున మీ అత్తమ్మ చీకటితోనే గీజర్ వేసింది. ముందు నీకు తలంటు పోయాలి. నువ్వేమో దుప్పటి కప్పుకుని సకినాల బుట్ట ముందు కూర్చున్నావు, "తాత ముందు" అని మొండికేశావు. మీ అమ్మ చెయ్యి పట్టి లాగితే వసారా స్తంభాన్ని కావలించుకున్నావు. నేనే అడ్డం పడ్డాను, "ఇంకొక్క సకినం తిననియ్యి" అని. అప్పుడు వచ్చింది చప్పుడు. వీధిలో ఎవరో బాంబు కాల్చారనుకున్నాం. బాత్రూం తలుపు కింద నుంచి ఆవిరి వస్తుంటే అర్థమైంది. లోపల గీజర్ మూత ఊడి నేల మీద పడుంది. ట్యాంకు అతుకు దగ్గర చీలి నోరు తెరిచింది. మగ్గు మెత్తబడి ఒక పక్కకు వాలిపోయింది. నీకోసం వేసిన పీట బోర్లా పడి ఉంది, దాని మీద ఇంకా పొగలు.

నీళ్ళు చాలినంత కాగాక కరెంటు ఆపే థర్మోస్టాట్ అతుక్కుపోయింది. నీళ్ళు కాగుతూనే ఉన్నాయి. కరెంటు ఆపాల్సిన కటౌట్ లేదు, ప్రెషర్ వదలాల్సిన మూతికి నా డమ్మీ ఉంది.

అందరికీ "పాత గీజర్, పగిలింది" అని చెప్పాను. డమ్మీని ఎవరూ చూడకముందే విప్పి జేబులో వేసుకున్నాను. మీ అత్తమ్మకు ఈ రోజుకీ తెలియదు. మీ బావ ఈ కాగితం ఫొటో తీస్తూ చదువుతాడు కాబట్టి రేపటికి ఇంటిల్లిపాదికీ తెలుస్తుంది. తెలియనియ్యి. ప్రతి సంక్రాంతికి నీకు డబ్బా నిండా సకినాలు ఎందుకు పంపుతానని మీ అమ్మ అడుగుతుంటుంది, ఆమెకూ తెలుస్తుంది.

కాబట్టి బిడ్డా, ఆ వాల్వ్ మూతికి ట్యూబు తగిలించి మోరీలోకి వదులు. ఎవడు మూస్తానన్నా ఒప్పుకోకు. కటౌట్ పడుతుంటే ఎందుకు పడుతోందో చూపించు, డైరెక్ట్ చేయనివ్వకు.

పైపులు నువ్వే బిగించు, నాకేం అభ్యంతరం లేదు. వాషర్లు మరిచిపోకు. మొదటిసారి వేసేముందు వేడినీళ్ళ నల్లా తిప్పి, ఆగకుండా ధార వచ్చాకే స్విచ్ వెయ్యి. ఖాళీ ట్యాంకులో కాయిల్ క్షణాల్లో మాడిపోతుంది. నీళ్ళతో కలిపి పాతిక కిలోల బరువు గోడకు వేలాడుతుంది, ఇటుక గట్టిగా ఉన్నచోటే బోల్టులు దించు.

కరెంటు జోలికి మాత్రం పోకు. పోతే తంతాను. 2000 వాట్లంటే తొమ్మిది ఆంపియర్ల దాకా లాగుతుంది. 16 ఆంపియర్ల సాకెట్, దానికి మీటరు బోర్డు నుంచి విడిగా లైను, లోడు ఎక్కువైతే పడిపోయే 16 ఆంపియర్ల ఎంసీబీ, కరెంటు లీకైతే పడిపోయే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉండాలి. ఈ చివరిది రెండు వేల పైనే అవుతుంది, బేరమాడకుండా కొను. ఎర్త్ వైరు ఉంటే సరిపోదు, అది నిజంగా భూమిదాకా పోవాలి. కొందరు సాకెట్ లోపలే న్యూట్రల్‌ను, అంటే కరెంటు తిరిగి పోయే వైరును, ఎర్త్‌కు కలిపి చేతులు దులుపుకుంటారు. న్యూట్రల్ ఎక్కడైనా తెగిందా, గీజర్ ఒళ్ళంతా కరెంటే. మీ పాలమూరు ఎండలకు ఎర్త్ గుంతలు కూడా ఎండిపోతాయి, వాచ్‌మన్‌తో వారానికోసారి రెండు బిందెలు పోయించు.

నీకు మెకానిక్‌ను వెతికే టెన్షన్ వద్దు. శనివారం పొద్దున బస్సుకు దేవరకొండ మీదుగా నేనే వస్తున్నాను, మీటరూ టెస్టరూ నా సంచిలో ఉంటాయి. పక్కింట్లో నిచ్చెన ఉంటే అడిగి పెట్టు, స్టూలు మీద నా మోకాళ్ళు నిలబడవు. పాత గీజర్‌ను పాతసామాన్ల వాడికి వేయకు, విప్పి కాయిల్ చూడాలని ఉంది.

ఇట్లు,
మీ మామ