ఎల్ఎల్ఆర్ టెస్టుకి రోడ్డు గుర్తులు, చేతి సంకేతాలు: 11 మార్కుల దగ్గర ఆగిపోయిన నా అనుభవం

ఎల్ఎల్ఆర్ టెస్టులో, అంటే బండి నేర్చుకోవడానికి ముందు తీసుకునే లెర్నర్ లైసెన్సు పరీక్షలో, మొదటిసారి నేను ఫెయిలయ్యానండీ. 20కి 12 రావాలి, నాకు 11 వచ్చాయి. అందుకే, ఒక్కసారికే పాసైన వాళ్ళ సలహా కన్నా నాది మీకు ఎక్కువ పనికొస్తుందేమో అని రాస్తున్నాను. వచ్చే వారం ఎల్ఎల్ఆర్ స్లాట్ ఉంది, నాలుగు రోజులుగా గుర్తుల చార్టు చదువుతున్నా పేజీ తిప్పగానే మర్చిపోతున్నాను, చేతి సంకేతాలైతే అన్నీ ఒకేలా కనిపిస్తున్నాయి, ఏం చెయ్యాలి అని అడిగారు కదా మీరు. అచ్చం నా కథే. మాది ఏలూరు. నాకప్పుడు 42 ఏళ్ళు. నలభై దాటితే ఫారం 1ఏ అనే మెడికల్ సర్టిఫికెట్ మీద డాక్టరు సంతకం కూడా కావాలి, మీకూ దాటి ఉంటే అది ముందే చేయించి పెట్టుకోండి. మా ఆయనకి నైట్ డ్యూటీలు పడడంతో కారు నేర్చుకోక తప్పలేదు నాకు.

మొదటిసారి నేను చేసిన తప్పు ఏంటంటే, స్టేషనరీ షాపులో దొరికే రంగుల చార్టు ఒకటి కొని, చిన్నప్పుడు ఎక్కాలు చదివినట్టు పై నుంచి కిందికి బట్టీ పట్టాను. మొదటి వరుసలో మూడోది ఏంటి అని అడిగితే టక్కున చెప్పేదాన్ని. కానీ పరీక్షలో కంప్యూటర్ వరుస ప్రకారం అడగదుగా, ఎక్కడి నుంచో ఒక బొమ్మ తీసి ముందు పెట్టి, కింద మూడు సమాధానాలు ఇస్తుంది, ఆ మూడూ సరైనవిగానే కనిపిస్తాయి. బయటికొచ్చి బెంచీ మీద కూర్చుని తప్పు చేసినవి గుర్తు తెచ్చుకుంటే అప్పుడు అర్థమైంది, పోయిన తొమ్మిదిలో దాదాపు అన్నీ కవల పిల్లల్లాంటివే. అంటే ఆ గుర్తు నాకు తెలియక కాదు, దాని పక్కన ఇంకొకటి అలాంటిదే ఉంటే ఏది ఏదో తేల్చుకోలేక. కాబట్టి మీకున్న ఈ వారంలో చార్టు మొత్తం ఇంకోసారి తిరగెయ్యడం మానేసి, మీకు కలిసిపోతున్న జంటల్ని మాత్రం ఒక కాగితం మీద గీసుకోండి. నాకు అలాంటివి ఎనిమిది జంటలు తేలాయి. మీకు ఇంకో రెండు ఎక్కువుండొచ్చు, అంతే.

దానికి ముందు ఆకారాల సంగతి ఒక్కసారి మనసులో పడాలి, దీనికి పది నిమిషాలు చాలు. ఎర్ర అంచు త్రిభుజం అంటే జాగ్రత్త, ముందు ఏదో ఉంది. ఎర్ర అంచు గుండ్రం అంటే వద్దు, లేదా ఇంతకు మించి వద్దు. నీలం గుండ్రం అంటే ఇలాగే చెయ్యాలి. నీలం పలక అంటే ఇక్కడ ఫలానాది ఉంది, పెట్రోల్ బంకో ఆసుపత్రో. నేను దెబ్బ తిన్నది రెండో దానితో. అడ్డగీత ఉంటేనే నిషేధం అనుకునేదాన్ని, గీత లేకపోయినా ఎర్ర అంచు గుండ్రంలో 50 అని ఉంటే అది హద్దే. అలాగే రెండు బాణాలు ఎడమ నుంచీ కుడి నుంచీ లోపలికి పొడుస్తున్నట్టుంటే వెడల్పు హద్దు, పై నుంచీ కింద నుంచీ పొడుస్తుంటే ఎత్తు హద్దు. రైలు వంతెన కింద నుంచి వెళ్ళే దారికి ముందు లారీల కోసం అడ్డంగా ఇనుప దూలం కట్టి ఉంటుంది చూడండి, దాన్ని తలుచుకుంటే ఎత్తుది ఇక మర్చిపోరు. ఈ ఆకారాలకి లొంగనివి రెండే: ఆగుము అనేది ఎనిమిది మూలల ఎర్ర పలక, దారి ఇవ్వు అనేది తలకిందులుగా ఉన్న త్రిభుజం. ఆ రెంటికీ ఇంకే గుర్తుకీ లేని ఆకారం ఇచ్చింది ఎందుకంటే, దుమ్ము పట్టినా, కోచింగ్ సెంటర్ల వాళ్ళు స్టిక్కర్లు అంటించేసినా (అంటిస్తారు కూడా), వెనక నుంచి చూసినా, ఆకారాన్ని బట్టే పోల్చుకోవాలని.

ఇక నా జంటలు. నో పార్కింగ్, నో స్టాపింగ్. రెండూ నీలం మీద ఎర్ర అంచువే. ఒక గీత ఉంటే పార్కింగ్ వద్దని, రెండు గీతలు ఇంటూ మార్కులా ఉంటే అసలు ఆగొద్దని. నేను గుర్తు పెట్టుకున్నది ఇలా: ఒక గీత అయితే అత్తగారిని దించేసి వెళ్ళిపోవచ్చు, రెండు గీతలైతే అదీ కుదరదు, అత్తగారితో సహా ముందుకి పోవాల్సిందే. మా అత్తగారు ఇది విని నవ్వారు కానీ, ఆ రోజు కాఫీలో పంచదార తగ్గింది.

ఇరుకు వంతెన, ముందు రోడ్డు ఇరుకు. వంతెన గుర్తు డమరుకంలా ఉంటుంది, నడుం సన్నబడి మళ్ళీ విచ్చుకుంటుంది, ఎందుకంటే వంతెన దాటగానే రోడ్డు మళ్ళీ మామూలే. రెండో దాంట్లో సన్నబడ్డది సన్నబడ్డట్టే ఉండిపోతుంది. రైల్వే గేటువి రెండు: గేటు బొమ్మ ఉంటే కాపలా ఉన్న క్రాసింగ్, ఇంజిను బొమ్మ ఉంటే కాపలా లేనిది. నేను దీన్ని తిరగేసి పెట్టాను. రైలు బొమ్మ వేశారంటే పద్ధతిగా గేటూ మనిషీ అన్నీ ఉండి ఉంటాయి అనుకున్నాను. కానీ ఆ బోర్డు చెప్పేది అక్కడికి వెళ్తే మీకు ఎదురయ్యేది ఏంటో. గేటు ఉంటే గేటు ఎదురవుతుంది, లేకపోతే నేరుగా ఇంజినే. నిజానికి బ్రాడ్‌గేజ్ లైన్ల మీద కాపలా లేని క్రాసింగులన్నీ 2019 జనవరికల్లా తీసేశారు, అయినా గుర్తు మాత్రం చార్టులో ఉంది కాబట్టి చదవాల్సిందే.

హంప్ (స్పీడ్ బ్రేకర్), గుంత కూడా ఇలాంటివే, మూపురాల్లా పైకి లేచి ఉంటే హంపు లేదా ఎగుడుదిగుడు రోడ్డు, కిందికి పల్లంలా ఉంటే ప్రమాదకరమైన గుంత. మిగిలినవి మీరే గీసుకోండి. చేత్తో గీస్తే వచ్చినంత బాగా చూస్తే రాదు, బొమ్మలు వంకరగా వచ్చినా పర్వాలేదు, నావి మా అబ్బాయి చూసి ఒంటెలా అని అడిగాడు. అవి హంపులు.

చేతి సంకేతాలు మాత్రం చార్టులో చూసి నేర్చుకోవడం నా వల్ల కాలేదు. బొమ్మలో కారు కిటికీలోంచి ఒక చెయ్యి, దాని చుట్టూ బాణాలు, అంతే కనిపిస్తుంది, ఆ బాణం పైకా కిందికా వెనక్కా అని తేల్చుకునేలోపు సెకన్లు గడిచిపోతాయి. ఇవి నాకు మా నాన్న నేర్పారు. ఆయన లారీ డ్రైవరుగా చేశారు, కొల్లేరు చేపల లోడ్లు ఐసు వేసుకుని హౌరా దాకా తోలేవారు. ఇండికేటర్లు ఉన్నా పని చెయ్యని రోజులవి, పని చేసినా వెనక వాడు నమ్మని రోజులు. కుడి వైపు అంతా డ్రైవరు చెయ్యే చూసుకునేది, ఎడమ వైపు క్లీనరు తలుపు మీద అరచేత్తో దబదబా కొట్టేవాడు.

నేను ఫెయిలై వచ్చిన సాయంత్రం వరండాలో ప్లాస్టిక్ కుర్చీ వేసి నన్ను కూర్చోబెట్టి, వంటింట్లోంచి స్టీలు కంచం తెచ్చి చేతికిచ్చారు. "ఇదే స్టీరింగు. ఎడం చెయ్యి దీని మీంచి తియ్యకు. పనంతా కుడి చేతిదే" అన్నారు. ఆ ఒక్క మాటతోనే సగం గందరగోళం పోయింది, ఎందుకంటే చార్టులో ఏ చెయ్యి అన్నదే నాకు తెలిసేది కాదు. మన బళ్ళకి స్టీరింగు కుడివైపు, కిటికీ కుడివైపు, కాబట్టి ఎడమకి తిరగాలన్నా చెప్పేది కుడి చెయ్యే.

తర్వాత ఒక్కొక్కటీ చేయించారు. కుడికి తిరగాలంటే చెయ్యి భుజం ఎత్తులో అడ్డంగా చాచి, అరచెయ్యి ముందుకి పెట్టి అలా ఉంచాలి, ఊపకూడదు. ఆపుతున్నాను అంటే మోచెయ్యి మడిచి ముంజేతిని నిటారుగా పైకి లేపాలి, అరచెయ్యి కుడివైపుకి తిరిగి ఉండాలి. నెమ్మది చేస్తున్నాను అంటే చెయ్యి చాచి, అరచెయ్యి నేల వైపు పెట్టి, పైకీ కిందికీ ఆడించాలి, క్లాసులో పిల్లల్ని కూర్చోండి కూర్చోండి అంటాం చూడండి, అలా. నన్ను దాటి వెళ్ళు అని వెనక వాడికి చెప్పాలంటే చాచిన చేతిని వెనక నుంచి ముందుకి అర్ధచంద్రంలా ఊపాలి, పెళ్ళి భోజనాల దగ్గర లోపలికి రండి రండి అని పంపిస్తున్నట్టు.

ఎడమదే కష్టం. కుడి చేత్తో ఎడమ వైపు చూపించలేం కదా, అందుకని చాచిన చేతిని గుండ్రంగా తిప్పమన్నారు, గడియారం ముల్లుకి ఎదురు దిక్కులో. ఎటు తిప్పాలో నాకు ప్రతిసారీ తిరగబడేది. అప్పుడు నాన్న కంచం పట్టుకుని, "అమ్మాయ్, ఎడమకి పోవాలంటే స్టీరింగు ఎటు తిప్పుతావు?" అన్నారు. తిప్పి చూపించాను. "అదే పని చేత్తో చెయ్యి, అంతే" అన్నారు. నిజమే, స్టీరింగు ఎడమకి తిప్పితే అది గడియారానికి ఎదురుగానే తిరుగుతుంది. ఇప్పటికీ నా చెయ్యి గాల్లోకి లేచేముందు మనసులో ఆ కంచం ఒకసారి తిరుగుతుంది.

కాబట్టి మీరూ ఒక కంచం తీసుకోండి. సిగ్గుపడకండి. ఇంట్లో ఎవరినైనా ఎదురుగా నిలబెట్టి "ఎడమ", "ఆపు", "దాటి వెళ్ళు" అని గబగబా అనమనండి, మీరు ఆలోచించకుండా చెయ్యి ఊపాలి, రోజుకి ఐదు నిమిషాలు మూడు రోజులు చేస్తే చాలు. పరీక్షలో బొమ్మ కనిపించినప్పుడు టేబుల్ కింద చెయ్యి కొంచెం కదిపి చూసుకుంటే సమాధానం అదే వస్తుంది. ఆటో వాళ్ళు ఎడమకి తిరిగేటప్పుడు కాలు బయటపెట్టి చూపించే సంకేతం ఉంది కదా, అది ఏ చార్టులోనూ లేదు. కానీ అదే అందరికీ అర్థమవుతుంది, ఏం చేస్తాం.

గుర్తులు కాకుండా రూల్సు ప్రశ్నలు కొన్ని వస్తాయి, వాటిని బట్టీ పట్టకుండా కారణం అడగండి. ఇరుకైన ఘాట్ రోడ్డులో ఎక్కే బండికా దిగే బండికా ముందు దారివ్వాలి? ఎక్కేదానికి. ఇది నేను పుస్తకంలో కన్నా అరకు నుంచి తిరిగి వచ్చేటప్పుడు అనంతగిరి దగ్గర బాగా నేర్చుకున్నాను. కింద నుంచి మూలుగుతూ వస్తున్న బస్సు కోసం, దిగుతున్న మా పెదనాన్న కొడుకు కారుని ఒక ఓరకి తీసి ఆపాడు. ఎందుకన్నయ్యా అంటే, వాడు ఎక్కడంలో ఆగితే మళ్ళీ కదిలేటప్పుడు వెనక్కి జారతాడు, మనం ఆగినా మనకేం కాదు అన్నాడు. రౌండ్ (మధ్యలో గుండ్రటి దిమ్మె ఉన్న కూడలి) దగ్గర, సిగ్నల్ లేని కూడలి దగ్గర మన కుడివైపు నుంచి వచ్చే బండికి దారివ్వాలి. ఎర్ర లైటు ఆరుతూ వెలుగుతూ ఉంటే పూర్తిగా ఆగి, చూసుకుని వెళ్ళాలి, పసుపుపచ్చ అలా వెలుగుతుంటే నెమ్మదించి జాగ్రత్తగా పోవాలి. ఈ రెండూ చాలామంది కలిపేస్తారు.

ఒక పని మాత్రం తప్పకుండా చెయ్యండి, ఒకసారి బస్సులో ముందు సీటు దొరికించుకోండి. నేను ఏలూరు నుంచి విజయవాడ వెళ్ళే బస్సులో డ్రైవరు వెనక సీట్లో కూర్చుని, హనుమాన్ జంక్షన్, గన్నవరం మీదుగా వెళ్తూ కనిపించిన ప్రతి గుర్తూ మనసులో చదువుకున్నాను. అంతకుముందు ఏళ్ళ తరబడి అదే రోడ్డు మీద తిరిగినా డివైడరు మధ్యలో ఖాళీ ఉందని చెప్పే గుర్తుని నేను ఒక్కసారి కూడా చూడలేదంటే నమ్ముతారా? ఆ రోజు ఒకటి కనిపించింది, కాసేపటికి నిజంగానే డివైడరు మధ్యలోంచి ఒక ట్రాక్టరు తల బయటపెట్టింది. ఆ గుర్తు ఇక జన్మలో మర్చిపోను.

పరీక్ష తెలుగులో రాయాలా ఇంగ్లీషులోనా అని కూడా అడిగారు. నేను తెలుగే పెట్టుకున్నాను, కానీ చార్టు ఇంగ్లీషు పేర్లతో చదివి తెలుగులో రాయడం వల్ల కొన్నిచోట్ల తడబడ్డాను. మీరు ఏ భాషలో రాస్తారో ఆ భాషలోనే మాక్ టెస్టులు చెయ్యండి, ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతాయి. వరసగా మూడుసార్లు 16 దాటితే ఇక పుస్తకం మూసేసి పడుకోండి.

రెండోసారి నాకు 18 వచ్చాయి. ఎల్ఎల్ఆర్ ఆరు నెలలు ఉంటుంది, 30 రోజులు గడిచాక డ్రైవింగ్ టెస్టుకి వెళ్ళొచ్చు. ఈలోపు నేర్చుకునేటప్పుడు పక్కన లైసెన్సు ఉన్నవాళ్ళు ఉండాలి, బండికి ముందూ వెనకా తెల్ల పలక మీద ఎర్ర ఎల్ ఉండాలి. మా కారుకి నాన్నే అంటించారు, కొంచెం వంకరగా.

అన్నట్టు, చెప్పడం మర్చిపోయాను. మొదటిసారి పోయిన తొమ్మిదిలో ఒకటి రెండు నా చదువు తప్పు కాదు, దగ్గర చూపు కళ్ళద్దాలు ఇంట్లో టీవీ మీద పెట్టి వెళ్ళాను. అక్కడ స్క్రీన్ మీద బాణం ఎటు తిరిగిందో కనిపించలేదు. అద్దాలు వాడేవారైతే ఆధార్‌తో పాటు వాటినీ ముందు రోజు రాత్రే బ్యాగులో వేసుకోండి.