బెంగళూరు చలి, పొంగని పిండి, వీడియో కాల్‌లో అత్తగారు

ఇడ్లీ పిండి పొంగట్లేదని, విజయవాడ నుంచి అత్తగారు పొంగిపొర్లే గిన్నె చూపించి "చెయ్యి మంచిదవ్వాలమ్మా" అంటున్నారని రాశారు. తప్పు మీ చేతిది కాదండి, ఊరిది. బెంగళూరు 900 మీటర్ల ఎత్తున ఉంది. డిసెంబరు రాత్రుల్లో 15 డిగ్రీలకు దిగుతుంది, పిండి బాగా పులవాలంటే దాదాపు 30 కావాలి. విజయవాడ వెచ్చన కాబట్టి ఆవిడ వంటగట్టు మీద వదిలేసినా పొంగుతుంది మరి!

గ్లాసు మినప్పప్పుకు రెండు గ్లాసుల ఇడ్లీ రవ్వ, అర చెంచా మెంతులు. పప్పు ముందే కడిగి నాలుగైదు గంటలు నానబెట్టి, ఆ నీళ్లతోనే రుబ్బండి. రవ్వ, ఉప్పు వేసి చేత్తో బాగా కలిపి, గిన్నెలో సగం వరకే పోయండి.

ఓవెన్ ఉంటే లైటు మాత్రమే వేసి లోపల పెట్టండి. ఎల్ఈడీ బల్బయితే వేడి రాదు, దండగ. అప్పుడు పెద్ద కుక్కర్లో రెండంగుళాల గోరువెచ్చని నీళ్లు పోసి, గిన్నె దించి, మూతపెట్టి దుప్పటి చుట్టండి. నీళ్లు చెయ్యి కాలేంత వేడిగా ఉంటే పులియబెట్టే సూక్ష్మజీవులు చస్తాయి. సోడా వద్దు, పొంగు వస్తుంది గానీ పులుపు రాదు.

సాయంత్రం ఆరుకు పెడితే పన్నెండు నుంచి పద్నాలుగు గంటలు పడుతుంది. పొద్దున ఎనిమిదయ్యేదాకా అత్తగారి కాల్ ఎత్తకండి.