టెక్ సందేహాలు: ఆరు మోటార్లు, రెండు గేర్లు, ఒకే బ్యాటరీ

ప్రశ్న: మేము అమెరికాలోని టెక్సాస్‌లో ఉంటున్నాం. మా అబ్బాయి హైస్కూల్ జట్టు ఫస్ట్ రోబోటిక్స్ కాంపిటీషన్ అనే విద్యార్థుల రోబో పోటీ కోసం ఒక సాధన రోబోను తయారు చేస్తోంది. ఒక్కో పక్క రెండు చొప్పున నాలుగు సిమ్ (CIM అనే రకం 12 వోల్టుల) మోటార్లు, 6 అంగుళాల చక్రాలు, 10:1 నిష్పత్తితో (మోటారు పది చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు) ఒకే గేరు ఉన్నాయి. ఎదుటి రోబోను నెట్టేటప్పుడు మోటార్లు చెయ్యి పెట్టలేనంతగా వేడెక్కుతున్నాయి, ఒక్కోసారి రోబో ఉన్నచోటే ఆగిపోతోంది. పక్కకు మూడేసి మోటార్లతో రెండు గేర్ల గేర్‌బాక్స్ చేద్దామని పిల్లలు అంటున్నారు. మోటార్లు పెంచితే బ్యాటరీ మీద భారం ఇంకా పెరగదా? నిష్పత్తులను ఎలా నిర్ణయించాలి?

జవాబు: మోటార్ల సంఖ్య పెరిగినంత మాత్రాన బ్యాటరీ మీద భారం పెరగదు. నెట్టేటప్పుడు రోబో ఎంత బలం చూపగలదో నిర్ణయించేది చక్రాలకు కార్పెట్ మీద ఉన్న పట్టు. ఆ పట్టు దాటిన క్షణంలో చక్రాలు జారిపోతాయి కనుక అంతకు మించిన బలం మోటార్ల నుంచి వచ్చినా ఉపయోగం లేదు. బ్యాటరీ, బంపర్లతో కలిపి మీ రోబో బరువు 68 కిలోలు, ఘర్షణ గుణకం 1.1 అనుకుంటే, చక్రాలు జారే ముందు వచ్చే గరిష్ఠ బలం సుమారు 734 న్యూటన్లు. 6 అంగుళాల చక్రం దగ్గర అది సుమారు 56 న్యూటన్ మీటర్ల టార్క్ అవుతుంది.

ఇప్పుడు మీ సమస్య ఎక్కడుందో చూద్దాం. సిమ్ మోటారు పూర్తిగా ఆగిపోయినప్పుడు 2.41 న్యూటన్ మీటర్ల టార్క్ ఇస్తూ 131 ఆంపియర్లు తీసుకుంటుంది, భారం లేకుండా నిమిషానికి సుమారు 5,330 చుట్లు తిరుగుతుంది. గేర్లలో 15 శాతం నష్టం పోతుందనుకుని లెక్కిస్తే, 10:1 నిష్పత్తిలో నాలుగు మోటార్లూ చక్రాలను జార్చాలంటే ఒక్కొక్కటి సుమారు 90 ఆంపియర్లు, మొత్తం 360 ఆంపియర్లు లాగాలి. బ్యాటరీకీ వైర్లకూ కలిపి 0.02 ఓముల నిరోధం ఉన్నా అక్కడే 7 వోల్టులు పోతాయి. వోల్టేజీ 6.75 కంటే దిగగానే రోబోను నడిపే కంప్యూటరు రోబోరియో 2 తనను తాను కాపాడుకోవడానికి మోటార్లకు శక్తిని ఆపేస్తుంది. మీ రోబో ఆగిపోవడానికి కారణం చాలావరకు ఇదే అయి ఉంటుంది. కనుక మీరు మార్చవలసిన మొదటి విషయం మోటార్ల సంఖ్య కాదు, నిష్పత్తి.

రెండు గేర్లలో నెట్టడానికి వాడే నెమ్మది గేరును, అంటే కింది గేరును, 16:1 చేయండి; పై గేరు వేగంగా వెళ్లడానికి. అప్పుడు అదే బలానికి మొత్తం కరెంటు సుమారు 230 ఆంపియర్లకు దిగుతుంది. నాలుగు మోటార్లు ఉన్నా ఆరు ఉన్నా ఈ మొత్తంలో పెద్ద తేడా ఉండదు. ప్రధాన బ్రేకర్ 120 ఆంపియర్లదే అయినా, అది వేడితో పనిచేసే రకం కాబట్టి కొద్ది సెకన్లపాటు ఈ భారాన్ని ఓర్చుకుంటుంది. నాలుగు మోటార్లయితే ఒక్కొక్కటి 57 ఆంపియర్లు తీసుకుని, లోపలి తీగల నిరోధం వల్ల దాదాపు 300 వాట్ల వేడిని పుట్టిస్తుంది. ఆరు మోటార్లయితే ఒక్కొక్కటి 39 ఆంపియర్లు తీసుకుంటుంది, వేడి 140 వాట్లకు తగ్గుతుంది. అంటే ప్రతి మోటారూ తన 40 ఆంపియర్ల బ్రేకర్‌కు లోబడే ఉంటుంది. సిమ్ మోటారు మూసి ఉన్న డబ్బా లాంటిది, వేడి బయటికి త్వరగా పోదు. అందుకే ఈ తేడా సుమారు రెండున్నర నిమిషాల మ్యాచ్‌లు వరుసగా ఆడేటప్పుడు బాగా తెలుస్తుంది. మీ పిల్లల ఆలోచన సరైనదేనని నా అభిప్రాయం.

పళ్ల సంఖ్యను ఇలా ఎంచుకోవచ్చు. 20 డయామెట్రల్ పిచ్ (అంగుళం వ్యాసానికి 20 పళ్లు) గేర్లలో, మూడు మోటార్ల షాఫ్టుల మీది 12 పళ్ల చిన్న గేర్లు, అంటే పినియన్లు, ఒకే 64 పళ్ల గేరును తిప్పాలి. రెండో దశలో కింది గేరుకు 21, 63 పళ్ల జత, పై గేరుకు 36, 48 పళ్ల జత పెట్టండి. రెండు జతల మొత్తమూ 84 కావడం ముఖ్యం. అప్పుడే రెండూ 2.1 అంగుళాల ఒకే దూరంలో ఉన్న షాఫ్టుల మీద కూర్చుంటాయి. గేర్లు బిగుసుకుపోకుండా ఆ దూరానికి అంగుళంలో వెయ్యింట మూడు వంతులు కలపడం చాలా జట్ల అలవాటు. నిష్పత్తులు 16:1, 7.11:1 వస్తాయి. భారం లేనప్పటి వేగాలు కింది గేరులో సెకనుకు 2.66 మీటర్లు, పై గేరులో దాదాపు 6 మీటర్లు, మైదానంలో ఇంతకంటే కొంత తక్కువ ఉంటాయి. పై గేరులో మాత్రం ఎవరినీ నెట్టకూడదు. చక్రాలు జారాలంటే మొత్తం 500 ఆంపియర్లు దాటాలి, అంతకంటే చాలా ముందే వోల్టేజీ కుప్పకూలుతుంది.

మోటార్లను అమర్చే చోట కొలతలు తీరిగ్గా చూసుకోండి. సిమ్ మోటారు వ్యాసం 2.5 అంగుళాలు, పినియన్ నుంచి 64 పళ్ల గేరు కేంద్రానికి దూరం 1.9 అంగుళాలు. కాబట్టి పక్కపక్క మోటార్ల మధ్య కనీసం 83 డిగ్రీల కోణం లేకపోతే అవి ఒకదానికొకటి తగులుతాయి. మూడూ ఒకే దిశలో తిరగాలి. ఒక మోటారు వైర్లు తారుమారైనా మిగతా రెండూ దానితో పెనుగులాడతాయి, బయటికి మాత్రం రోబో కాస్త మందకొడిగా ఉన్నట్టే కనిపిస్తుంది. రోబోను చెక్క దిమ్మెల మీద ఎత్తి పెట్టి, ఒక్కో మోటారుకు మాత్రమే శక్తినిచ్చి, సుద్దతో గీత గీసిన చక్రం ఎటు తిరుగుతోందో చూడండి. సిమ్‌లు చాలక వాటికంటే చిన్నదైన మినీ సిమ్ మోటారును కలపవలసి వస్తే, అది 5,840 చుట్లు తిరుగుతుంది కనుక దానికి 11 పళ్ల పినియన్ పెడితే వేగాలు దాదాపు సమానమవుతాయి. ఆ మోటారును మాత్రం అంగుళంలో నలభయ్యో వంతు లోపలికి జరపాలి.

గేరు మార్చే భాగంలో, చక్రాలకు వెళ్లే షాఫ్టు మీద 63, 48 పళ్ల గేర్లు బేరింగుల మీద స్వేచ్ఛగా తిరుగుతుంటే, వాటి మధ్య ఉన్న, డాగ్ అనే పళ్ల ముక్క షాఫ్టుతో పాటు తిరుగుతూ గాలి సిలిండర్ తోసిన వైపు గేరులోకి చొచ్చుకుపోతుంది. రెండు పక్కల సిలిండర్లనూ ఒకే సోలెనాయిడ్ వాల్వ్‌కు (కరెంటుతో గాలి దారిని మార్చే వాల్వ్) కలపండి. వేర్వేరు వాల్వ్‌లైతే ఒకటి ఆలస్యమైన క్షణంలో రోబో గిర్రున పక్కకు తిరుగుతుంది.

ప్రశ్న: గేరు మార్చడాన్ని డ్రైవరుకు వదలాలా, ప్రోగ్రాముకు అప్పగించాలా?

జవాబు: పై నిష్పత్తులకు రెండు గేర్ల బలమూ సెకనుకు దాదాపు 1.8 మీటర్ల దగ్గర సమానమవుతుంది. అందుకే 2 మీటర్లు దాటితే పైకి, 1.5 కంటే తగ్గితే కిందికి మార్చేలా ప్రోగ్రాము రాస్తే, రెండు గేర్ల మధ్య ఊగిసలాట ఉండదు. భారం మీద ఉన్న డాగ్ పళ్లు ఒకదాన్నొకటి పట్టుకుని ఊడిరావు కనుక, మార్చే ముందు మోటార్ల శక్తిని ఒక్క క్షణం తగ్గించండి. నెట్టడానికి సిద్ధమవుతున్నానని డ్రైవరుకే ముందు తెలుస్తుంది కాబట్టి, కింది గేరులో నిలిపి ఉంచే మీట ఒకటి ఆయన చేతిలో తప్పకుండా ఉండాలి. ఆ మీట నొక్కినా వేగం 2.5 మీటర్ల లోపుకు వచ్చేదాకా ప్రోగ్రాము ఆగాలి, లేకపోతే మోటార్లు తమ పరిమితిని దాటి తిరుగుతాయి, ఆ దెబ్బంతా డాగ్ పళ్ల మీద పడుతుంది.