సముద్రాన్ని లెక్కల్లో పట్టే చదువు

ప్రశ్న: మా అమ్మాయి కాకినాడలో గణితం, భౌతికశాస్త్రం, కంప్యూటర్స్‌తో బీఎస్సీ చివరి సంవత్సరం చదువుతోంది. తీర సముద్రంలోని పోషకాలు, వృక్షప్లవకాల (నీటిలో తేలే అతిసూక్ష్మ మొక్కల్లాంటి జీవుల) మీద మోడలింగ్ చేస్తానంటోంది. జీవశాస్త్రం చదవలేదు, పైగా పడవ ఎక్కితే వాంతులవుతాయి. పంపవచ్చా? – ఒక తండ్రి

జవాబు: నిస్సంకోచంగా పంపవచ్చు. ఈ పనికి ముందుగా కావలసింది అవకలన సమీకరణాలు (ఏది ఎంత వేగంగా మారుతుందో చెప్పేవి), ప్రోగ్రామింగ్. జీవశాస్త్రం దారిలో నేర్చుకోవచ్చు.

మీకు దగ్గరి ఉదాహరణే తీసుకుందాం. గోదావరికి వరద వచ్చినప్పుడు నైట్రేట్, సిలికేట్ వంటి పోషకాలు సముద్రంలో చేరతాయి. అయితే ఆ నీటిలోని ఒండ్రు వెలుతురును అడ్డుకుంటుంది కనుక, తిండి ఎదుటే ఉన్నా వృక్షప్లవకాలు వెంటనే పెరగలేవు. నీరు తేటపడ్డాకే పుంజుకుంటాయి. తీరం దాటితే కథ మారుతుంది. నదుల మంచినీరు తేలికగా ఉండి ఉప్పునీటి మీద మూతలా పరుచుకోవడం వల్ల బంగాళాఖాతంలో అడుగునున్న పోషకాలు పైకి రావడం కష్టం. తుపాను వచ్చి ఆ మూతను చెదరగొట్టినప్పుడు ఉపరితలంలో పచ్చదనం పెరగడం ఉపగ్రహ చిత్రాల్లో కనిపిస్తుంది.

వీటన్నిటినీ అంకెల్లో పెట్టడమే మోడలింగ్. ఒక సరళమైన నమూనాలో నత్రజని నాలుగు గదుల మధ్య తిరుగుతుంది: పోషకం, వృక్షప్లవకం, దాన్ని తినే జంతుప్లవకం, కుళ్లే మృతపదార్థం. వృక్షప్లవకం పెరిగే వేగం గరిష్ఠంలో సగానికి చేరే నైట్రేట్ స్థాయి లీటరుకు 0.5 మైక్రోమోల్ (పదార్థాన్ని కొలిచే చిన్న ప్రమాణం) అనుకుంటే, నీటిలో 5 మైక్రోమోల్ ఉన్నప్పుడు గరిష్ఠ వేగంలో సుమారు 91 శాతం అందుతుంది. ఆపైన ఎంత పోసినా లాభం స్వల్పమే. మీ అమ్మాయిని ఈ సెలవుల్లోనే పైథాన్‌లో ఒక్కో గదికి ఒకటి చొప్పున నాలుగు సమీకరణాలు రాయమనండి. బయటినుంచి ఏమీ కలపనప్పుడు నాలుగు గదుల్లోని నత్రజని మొత్తం మారకూడదు. మారిందంటే ప్రోగ్రాంలో ఎక్కడో తప్పుంది. ఆ తప్పును వెతుకుతూ రాత్రి పదకొండయినా లేవకుండా కూర్చుంటే, ఆమెకు ఈ రంగం సరిపోతుందన్నది నా అంచనా.

తర్వాత విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గానీ, కొచ్చిన్ శాస్త్ర సాంకేతిక విశ్వవిద్యాలయంలో గానీ సముద్రశాస్త్రం చదవవచ్చు. పరిశోధన వైపు వెళ్లాలంటే భూ, వాతావరణ, సముద్ర, గ్రహ శాస్త్రాల విభాగంలో సీఎస్ఐఆర్ నెట్ అనే జాతీయ అర్హత పరీక్ష రాయడం ఒక మార్గం. అందులో జేఆర్ఎఫ్ (పరిశోధక విద్యార్థులకిచ్చే ఫెలోషిప్) వస్తే 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు ఇస్తున్నారు. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ (భారత జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం), విశాఖలోని జాతీయ సముద్రశాస్త్ర సంస్థ ప్రాంతీయ కేంద్రం ఈ పనికి దగ్గరి చోట్లు. ఒక్క మాట దాచను: శాశ్వత ఉద్యోగాలు తక్కువ, పీహెచ్‌డీ తర్వాత కొన్నేళ్లు ప్రాజెక్టుల మీదే గడుస్తాయి. ఇల్లు గడవడానికి వెంటనే జీతం అవసరమైతే ఈ దారి కష్టమే.

ఇక పడవ సంగతి. రోజువారీ పని కంప్యూటర్ ముందే. అయినా నీటి నమూనాలు తెచ్చే బృందంతో ఒకసారైనా వెళ్లడం మంచిది. వాంతులు రాకుండా మాత్ర డాక్టరును అడిగి ముందే వేసుకుంటే చాలామందికి సరిపోతుంది.