వార్డులో మాటలు అర్థం కావట్లేదా? సంధి విడదీసి చూడమ్మా

ప్రశ్న: మేడమ్, నేను ఇంటర్ బైపీసీ దాకా తెలుగు మీడియమే. ఈ ఏడాది జీఎన్‌ఎంలో (నర్సింగ్ డిప్లొమా) చేరాను. మొన్న వార్డు డ్యూటీలో ఒక పెద్దాయన టీ అడిగితే తెచ్చి ఇవ్వబోయాను. సిస్టర్ చూసి, 'ఎన్‌పీఓ అని రాసుంది, కనపడట్లేదా?' అని అందరి ముందూ కేకలేశారు. ఆయనకి కాసేపట్లో ఆపరేషనట. ఎన్‌పీఓ అంటే ఏంటో నాకు తెలియదు. మానేసి మామూలు డిగ్రీలో చేరిపోదామనిపిస్తోంది. మానొద్దంటే ఈ పదాలన్నీ ఎలా నేర్చుకోవాలి? మెడికల్ డిక్షనరీ కొనుక్కోమంటారా?

జవాబు: ముందు ఆ టీ సంగతి తేల్చేద్దామమ్మా. ఎన్‌పీఓ అంటే నోటి ద్వారా ఏమీ ఇవ్వకూడదని. లాటిన్‌లో 'నిల్ పెర్ ఓస్'. ఓస్ అంటే నోరు. కొన్నిచోట్ల ఇదే ఎన్‌బీఎం అని రాస్తారు. మత్తులో ఉన్న మనిషికి కడుపులోది పైకి తన్నుకొస్తే దగ్గి బయటికి నెట్టే శక్తి ఉండదు. అది ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదకొస్తుంది. అందుకే మామూలుగా తిండి కనీసం 6 గంటల ముందు, మంచినీళ్లు 2 గంటల ముందు ఆపేస్తారు. కచ్చితమైన టైం మత్తు డాక్టరు చెప్తారు. పాలు కలిపిన టీ నీళ్ల లెక్కలోకి రాదు. కాబట్టి సిస్టర్ నిన్ను ఆపడం రైటే. అందరి ముందూ అరవడం మాత్రం నాకూ నచ్చలేదు.

ఇక మానేయడం గురించి. నువ్వు రెండు కష్టాలని ఒకే మూటలో కట్టేశావు. క్లాసులో ఇంగ్లిష్ అందుకోలేకపోవడం ఒకటి, అది నిజమే, కొన్ని నెలల పని. వైద్యం మాటలు తెలియకపోవడం వేరే. నెఫ్రైటిస్ అనే మాట కాన్వెంటులో చదివిన పిల్లకీ కొత్తే. ఎందుకంటే అది గ్రీకు నుంచి వచ్చింది. ఆ విషయంలో మీ ఇద్దరూ ఒకే గీత మీద నిలబడ్డారు.

నిజానికి నువ్వే ఓ అడుగు ముందున్నావు. స్కూల్లో రామాలయాన్ని రామ + ఆలయం అని విడదీశావు కదా, ఇక్కడా అదే పని. నెఫ్ర్ అంటే కిడ్నీ, హెపాట్ కాలేయం, గ్యాస్ట్ర్ జీర్ణాశయం, ఆర్థ్ర్ కీలు. చివర 'ఐటిస్' తగిలితే అక్కడ వాపు, ఎరుపు, వేడి, నొప్పితో కూడిన గొడవేదో జరుగుతోందని. నాలుగు ముక్కలకి ఒక తోక తగిలిస్తే నాలుగు జబ్బులు వచ్చేశాయి చూశావా? అనీమియా చూడు: 'అన్' అంటే లేకపోవడం, 'ఈమియా' రక్తానికి సంబంధించింది. మన రక్తహీనత కూడా అచ్చం ఇలాగే రెండు ముక్కలు అతికించిన మాట.

అందరూ తడబడే జంట హైపో, హైపర్. నేను పిల్లలకి ఒక కిటుకు చెప్తాను, నవ్వొచ్చినా పనికొస్తుంది. హైపోలో 'పో' ఉంది, అంటే తగ్గిపోయింది. హైపర్ అంటే పెరిగింది. హైపోగ్లైసీమియా అంటే రక్తంలో చక్కెర పడిపోవడం. చెమటలు పట్టి, వణుకుతున్న ఆ మనిషి స్పృహలో ఉంటే వెంటనే తీపి ఇవ్వమంటారు. ఈ రెంటినీ తారుమారు చేసుకుంటే పోయేది పరీక్షలో మార్కులు కాదు. అలాగే ఆపరేషన్ల పేర్ల చివర వచ్చే ఆటమీ, ఎక్టమీ, ఆస్టమీ. మొదటిది కోసి తెరవడం, రెండోది తీసేయడం, మూడోది బయటికి దారి పెట్టడం. మన ఊళ్లలో 'గర్భసంచి తీసేశారు' అంటారే, కేస్‌షీట్‌లో అది హిస్టరెక్టమీ.

హైపర్‌టెన్షన్ దగ్గర మాత్రం జాగ్రత్త. రోగికి ఆ మాట చెప్తే, 'నాకే టెన్షనూ లేదమ్మా, పిల్లలంతా సెటిలయ్యారు' అంటారు. ఆ టెన్షన్ మనసులోది కాదు, రక్తనాళాల్లో ఒత్తిడి. వాళ్లకి బీపీ అని చెప్తే చాలు. అక్యూట్ అంటే తీవ్రమైనది అనుకోవడం కూడా మామూలు పొరపాటే. హఠాత్తుగా మొదలైందని దాని అర్థం. క్రానిక్ అంటే చాలాకాలంగా ఉన్నది.

రోగి చెప్పేది సింప్టమ్, మనం చూసి, తాకి, కొలిచి పట్టుకునేది సైన్. ఈ మొదటి దాంట్లో నీ తెలుగు బాగా అక్కరకొస్తుంది. 'వేడి చేసిందమ్మా' అని ఒకావిడ అంటే ఏం రాస్తావు? జ్వరమా? నోటిపూతా? మూత్రంలో మంటా? మూడింటికీ జనం అదే మాట వాడతారు. అందుకని 'వేడి అంటే ఎక్కడ, ఎలా ఉంది?' అని అడిగి తేల్చుకోవాలి. 'గుండెల్లో మంట' అన్నా అంతే. గ్యాస్ అని కొట్టిపారేయకుండా, చెయ్యి లాగుతోందా, చెమటలు పట్టాయా అని అడిగి, వెంటనే సిస్టర్‌కి చెప్పాలి. నోట్‌బుక్‌లో మూడు గళ్లు గీసుకో: మాట, దాని ముక్కలు, రోగులు దాన్ని ఏమంటారు. రోజుకి ఐదు చాలు, ఆ రోజు వార్డులో నువ్వు చూసిన కేసుల నుంచే.

వైటల్స్, అంటే నాడి, శ్వాస లాంటి ముఖ్యమైన కొలతలు, ఎలాగూ మొదటి నెలల్లోనే చూడమంటారు. పెద్దవాళ్లలో నాడి నిమిషానికి 60 నుంచి 100, శ్వాస 12 నుంచి 20, బీపీ 120/80 దగ్గర, టెంపరేచర్ 98.6 ఫారన్‌హీట్ అటూ ఇటూ. వీటిలో శ్వాస లెక్కే అందరూ అశ్రద్ధ చేసేది. లెక్కపెడుతున్నామని తెలిస్తే మనిషి ఊపిరి తీసే తీరే మారిపోతుంది. అందుకే నాడి చూడడం అయ్యాక కూడా మణికట్టు వదలకుండా, చూపు మాత్రం ఛాతీ మీదకి మళ్లించు. పైకి లేచి కిందికి దిగితే ఒకటి. అలా నిమిషం నిండా లెక్కపెట్టు.

మందులు ఎప్పుడెప్పుడు ఇవ్వాలో రాసే పొట్టి మాటలు వారంలో వచ్చేస్తాయి. ఓడీ రోజుకి ఒకసారి, బీడీ రెండుసార్లు (కాల్చేది కాదు), టీడీఎస్ మూడు, హెచ్‌ఎస్ పడుకునే ముందు, ఎస్‌ఓఎస్ అవసరమైతేనే, స్టాట్ వెంటనే. కానీ అదే ఓడీ కంటి వార్డులో కుడికన్ను! ఇన్సులిన్ 10 పక్కన యూనిట్లకి గుర్తుగా రాసిన యూ అక్షరం సున్నాలా కనపడి 100 అయిపోయే ప్రమాదమూ ఉంది. అనుమానం వస్తే ఊహించొద్దు. 'సిస్టర్, ఇది నాకు అర్థం కాలేదు, ఒక్కసారి చెప్తారా?' అని అడుగు. విసుక్కుంటే విసుక్కోనీ. వార్డులోకి వెళ్లగానే, ఈ రోజు ఏ బెడ్‌కి ఏమీ ఇవ్వకూడదో అడిగి చేతిలో చిన్న కాగితం మీద రాసుకో. ఆ టీ కథ మళ్లీ రాదు.

  

కోర్సు మానే మాట మొదటి ఏడాది పరీక్షలయ్యాక మాట్లాడుకుందాం. రక్తం చూస్తే కళ్లు తిరుగుతున్నాయనో, రాత్రి డ్యూటీలు పడవనో నువ్వు రాసి ఉంటే వేరేలా ఆలోచించేదాన్ని. డిక్షనరీ కాలేజీ లైబ్రరీలో ఉంటుంది, ఇప్పుడే కొనకు. ఆ డబ్బుతో సెకన్ల ముల్లున్న వాచీ కొనుక్కో.