సందేహాలు – సమాధానాలు: క్షయకరణం చెందినది క్షయించినట్లేనా?

సందేహం: జీవకణాల గురించిన ఒక వ్యాసంలో ‘థయోరెడాక్సిన్ తాను ఆక్సీకరణం చెందుతూ మరో ప్రోటీనును క్షయకరణం చేస్తుంది’ అన్న వాక్యం చదివాను. క్షయం అంటే నాశనం కదా! ఎలక్ట్రాన్లను పొందిన ప్రోటీను క్షయించిందనడం తప్పు కాదా? ‘క్షయకరణం చేయు’, ‘క్షయకరణం చెందు’ అన్నవి ఒకటేనా? అదే వ్యాసంలో ఒకచోట సిస్టీన్ అని, మరోచోట సిస్టిన్ అని ఉంది. ఇది అచ్చుతప్పా?

సమాధానం: క్షయానికి నాశనం ఒక్కటే అర్థం కాదు. ‘క్షి’ ధాతువు నుంచి వచ్చిన ఈ మాటకు తగ్గుదల అనే అర్థమూ ఉంది. వృద్ధిక్షయాలు అన్న జంటలో మనం వాడేది ఆ అర్థమే. అయితే తగ్గేది ఏమిటన్నది అసలు ప్రశ్న. రసాయనశాస్త్రంలో ఎలక్ట్రాన్లను కోల్పోవడం ఆక్సీకరణం, పొందడం క్షయకరణం. ఈ క్షయకరణానికి ఇంగ్లీషు మాట రిడక్షన్. లాటిన్ మూలాన్ని బట్టి చూస్తే దాని అర్థం వెనక్కు తేవడం. భస్మంగా మారిన లోహాన్ని తిరిగి లోహస్థితికి తేవడాన్ని ఒకప్పుడు ఆ మాటతో చెప్పారు. తెలుగు పారిభాషిక పదం ఆ అర్థాన్ని వదిలి, తగ్గించడమనే అర్థాన్ని పట్టుకుంది. మలయాళంలో దీన్నే నిరోక్సీకరణం అంటారు. ఆక్సీకరణాన్ని తొలగించడమని విప్పి చెప్పే ఆ మాట మనదానికంటే స్పష్టంగా ఉందని ఒప్పుకోవలసిందే. అయినా పాఠ్యపుస్తకాల్లో స్థిరపడిన మాటను ఇప్పుడు మార్చనక్కరలేదు. ఎలక్ట్రాన్లు చేరినప్పుడు తగ్గేది పదార్థం కాదు, పరమాణువు ఎలక్ట్రాన్లను ఎంతమేరకు కోల్పోయిందో లెక్కగట్టే ఆక్సీకరణ సంఖ్య. రెండు గంధక పరమాణువులు ఒకదానితో ఒకటి ముడిపడిన డైసల్ఫైడ్‌లో ఒక్కో గంధకానికి ఆ సంఖ్య -1. ఆ ముడి విడి, ఒక్కో గంధకం ఒక్కో హైడ్రోజన్‌ను చేర్చుకుని థయోల్‌గా మారితే అది -2 అవుతుంది. క్షయం అంతవరకే, ప్రోటీనుకు ఏ లోటూ లేదు.

మీ రెండో ప్రశ్న ఇంతకంటే ముఖ్యమైనది. సంస్కృతంలో, అంతకుముందు అలా లేనిది అలా మారడాన్ని సూచించే చ్వి ప్రత్యయంతో ఏర్పడే మాటలు రెండు దారులు పడతాయి. ‘కరణం’ చేరితే మరొకదాన్ని అలా చేయడం, ‘భవనం’ చేరితే తానే అలా కావడం. అందుకే నీరు ఘనీభవించింది అంటే చాలు, ‘చెందింది’ అనే మాట అక్కరలేదు. ఆక్సీకరణానికి అలాంటి ‘భవనం’ జంట వాడుకలో లేదు. క్షయకరణంలో చ్వి ప్రత్యయమే లేదు గాని, చేయడం అనే అర్థం దానిలోనూ ఉంది. కాబట్టి కర్త ఎవరో, మార్పుకు లోనైనది ఏదో చెప్పే భారమంతా వెనక వచ్చే ‘చేయు’, ‘చెందు’ క్రియల మీదే పడుతుంది.

థయోరెడాక్సిన్ పని చూస్తే ఈ తేడా కళ్లకు కడుతుంది. ఈ చిన్న ప్రోటీనులో మధ్య రెండు అమైనో ఆమ్లాల ఎడంతో రెండు సిస్టీన్లు (గంధకం ఉన్న అమైనో ఆమ్లాలు) ఉంటాయి. మొదటి సిస్టీన్‌లోని గంధకం హైడ్రోజన్‌ను వదులుకుని, ఎదుటి ప్రోటీనులోని డైసల్ఫైడ్ బంధాన్ని తెంచి, ఒక గంధకానికి తాను అతుక్కుంటుంది. క్షణకాలం రెండు ప్రోటీన్లూ జంటగా ముడిపడి ఉంటాయి. అంతలో రెండో సిస్టీన్ వచ్చి మొదటిదానితో బంధం కలుపుకోగానే ఎదుటి ప్రోటీను రెండు థయోల్‌లతో విడుదలవుతుంది, డైసల్ఫైడ్ థయోరెడాక్సిన్‌కు మిగులుతుంది. ఎదుటిది క్షయకరణం చెందింది, థయోరెడాక్సిన్ క్షయకరణం చేసింది, ఆ క్రమంలో తాను ఆక్సీకరణం చెందింది. తరువాత థయోరెడాక్సిన్ రిడక్టేజ్ అనే ఎంజైము, కణంలో ఎలక్ట్రాన్లను అందించే ఎన్‌ఏడీపీహెచ్ అనే అణువు నుంచి ఎలక్ట్రాన్లు తెచ్చి దాన్ని మళ్లీ క్షయకరణం చేస్తుంది. మీరు చదివిన వాక్యం నిర్దుష్టం.

తప్పు జరిగేది ‘థయోరెడాక్సిన్ క్షయకరణం’ అని శీర్షికల్లో సమాసం చేసినప్పుడు. ఆ సమాసంలో దాగిన షష్ఠీ విభక్తి (‘యొక్క’) కర్తకు చెందిందా, కర్మకు చెందిందా? థయోరెడాక్సిన్ చేసే క్షయకరణమా, అది చెందే క్షయకరణమా? రెండూ కణంలో జరిగేవే కనుక సందర్భం కూడా ఆదుకోదు. సమాసం విప్పి ‘థయోరెడాక్సిన్‌ను క్షయకరణం చేయడం’ అనో, ‘థయోరెడాక్సిన్ చేసే క్షయకరణం’ అనో రాయాలి. ‘క్షయకరిస్తుంది’ అన్నా నాకు అభ్యంతరం లేదు, కర్త చేసే పనిగా వాడినంతవరకు. ‘క్షయకరింపబడుతుంది’ మాత్రం చెవికి బరువు. దానికి బదులు ‘చెందుతుంది’ ఉండనే ఉంది.

ఒక్క క్రియ మారితే ఎంత మారుతుందో గ్లూకోజును విడగొట్టే దారిలోని గ్లిసరాల్డిహైడ్ 3-ఫాస్ఫేట్ డీహైడ్రోజినేజ్ అనే ఎంజైములో చూడవచ్చు. తన సిస్టీన్ థయోల్‌తో గ్లిసరాల్డిహైడ్ 3-ఫాస్ఫేట్‌ను పట్టుకుని ఆక్సీకరణం చేయడం దాని నిత్యకృత్యం. హైడ్రోజన్ పెరాక్సైడ్ వల్ల ఆ థయోలే ఆక్సీకరణం చెందితే ఎంజైము పని ఆగిపోతుంది. ‘ఈ ఎంజైములో ఆక్సీకరణం జరుగుతుంది’ అని పొడిగా రాసినవారు ఈ రెండింటిలో ఏది చెబుతున్నట్టు?

ఇక సిస్టీన్, సిస్టిన్ వేరువేరు మాటలు. రెండు సిస్టీన్లు డైసల్ఫైడ్ బంధంతో కలిస్తే సిస్టిన్. 1810లో ఇంగ్లీషు రసాయన శాస్త్రవేత్త వోలాస్టన్ మూత్రాశయపు రాయిలో కనుగొన్నది ఈ రెండోదాన్నే. గ్రీకులో మూత్రాశయానికి ఉన్న పేరు నుంచి ఆ మాట పుట్టింది. తెలుగు రాతలో తేడా ఒక గుడిదీర్ఘం మాత్రమే. అచ్చుతప్పనుకుని ప్రూఫులు దిద్దేవారు ఆ గుడిని దీర్ఘం చేస్తే, సిస్టిన్ కలం పోటుతోనే క్షయకరణం చెందినట్టు!