షవర్ లీకుకు సిలికాన్ ట్యూబు తీసే ముందు

చిరంజీవి అబ్బాయికి,

పెదనాన్న ఆశీస్సులు. నువ్వు పంపిన ఫోటోలు చూశాను. మీ ఆర్వీ ట్రెయిలర్‌లో (బండికి తగిలించి లాక్కెళ్ళే చక్రాల ఇల్లు) షవర్ తలుపు బయట ఫ్లోరింగ్ ఉబ్బింది, మూలన నల్లగా మరక కట్టింది. శనివారం సిలికాన్ తెచ్చి చుట్టూ పూసేస్తానన్నావు. ఆ పని మాత్రం ఇప్పుడే చెయ్యకు. లీకు గోడ వెనక పైపులోనో, డ్రెయిన్ కిందనో ఉంటే నువ్వెంత పూసినా నీళ్ళు షవర్ పాన్ (నిలబడి స్నానం చేసే తొట్టి) అడుగున చేరుతూనే ఉంటాయి. పైకి అంతా పొడిగా కనిపిస్తుంది, లోపల ప్లైవుడ్ కుళ్ళిపోతుంది. ట్రెయిలర్లను నాశనం చేసేది అలాంటి కనపడని తడే.

ఇంట్లో బాత్రూమ్‌కీ దీనికీ చాలా తేడా ఉంది. ఇక్కడ షవర్ పాన్ పల్చటి ఏబీఎస్ ప్లాస్టిక్‌తోనో ఫైబర్‌గ్లాస్‌తోనో చేస్తారు. దాని అడుగున చాలా చోట్ల ఖాళీయే, ట్రాప్, అంటే డ్రెయిన్ కింద వాసన రాకుండా ఆపే వంపు పైపు, పట్టడానికి వదిలిన జాగా అది. పైపులు ప్లాస్టిక్, వాటి నట్లూ ప్లాస్టిక్కే. అమెరికాలో ఆర్వీలు ఎక్కువ భాగం తయారయ్యేది ఇండియానాలోని ఎల్కార్ట్ చుట్టుపక్కల. అక్కడ నుంచి డీలర్ దగ్గరికి వచ్చేలోపే ప్రతి జాయింటూ కొన్ని వందల మైళ్ళు కుదుపులు తింటుంది. నువ్వు కొన్నది సెకండ్ హ్యాండ్ బండి, ఆ జాయింట్లు ఇంకెంత తిరిగాయో తెలియదు.

అందుకని ముందు నీళ్ళు ఎక్కడివో తేల్చుకో. నాలుగే దారులున్నాయి: పైకప్పు నుంచి దిగే వాన నీళ్ళు, ప్రెషర్‌తో వచ్చే పైపు నీళ్ళు, డ్రెయిన్‌లోకి పోయే నీళ్ళు, స్నానం చేస్తుంటే చిందే నీళ్ళు. ఒక్కో దాన్నీ విడిగా పరీక్షించాలి. రెండు కలిపి చేశావంటే ఏది కారిందో నీకే తెలియదు. ఇంకో సంగతి, తడి కనపడిన చోటే లీకు ఉందనుకోకు. నీరు పల్లమెరుగు అన్నారు కదా, ట్రెయిలర్ ఎటు వంగి ఉంటే అటు ఫ్లోర్ కిందుగా పారి, ఎక్కడో దూరంగా పైకి తేలుతుంది. పరీక్షలకు ముందు బండిని నాలుగు వైపులా లెవెల్ చెయ్యి. షోర్ పవర్ కేబుల్ (బయటి నుంచి బండికి కరెంటు ఇచ్చేది) తీసెయ్యి. తడి ఫ్లోర్ మీద చేతులు పెట్టేటప్పుడు 120 వోల్టుల కరెంటు దగ్గర్లో ఉండకూడదు. పంపు బ్యాటరీ మీద 12 వోల్టులతో నడుస్తుంది, అది చాలు.

పైకప్పుతో మొదలుపెట్టు, అది తేలిక. షవర్ పైన ప్లాస్టిక్ స్కైలైట్ ఉంది కదా, దాని అంచుల సీలెంట్ ఎండకీ చలికీ పగులుతుంది. ఎవరూ స్నానం చెయ్యని రోజున, వాన పడ్డాక తడి పెరిగిందా అని అమ్మాయిని గమనించమను. పెరిగితే షవర్‌ని వదిలేసి పైకెక్కు. రూఫ్ మీద సిలికాన్ వాడకు. ఈపీడీఎం (రబ్బరు), టీపీఓ (ప్లాస్టిక్) షీటు పరిచిన రూఫులకు డైకార్ కంపెనీది లాంటి, తనంతట తానే సమంగా పరుచుకునే సెల్ఫ్ లెవెలింగ్ ల్యాప్ సీలెంట్ వాడతారు, నీ రూఫు ఏదో చూసుకుని దానికి సరిపడేది కొను.

తర్వాత ప్రెషర్ పైపులు. సిటీ వాటర్ హోస్ (బయటి కుళాయి నుంచి వచ్చే గొట్టం) తీసేసి, బండిలోని ఫ్రెష్ ట్యాంకులో (మంచినీళ్ళ ట్యాంకు) నీళ్ళు పోసి పంపు వెయ్యి. ట్యాపులన్నీ కట్టేసి ఉంటే పంపు కాసేపు మోగి ఆగిపోవాలి. ఆ తర్వాత ఎవరూ ట్యాపు తిప్పకుండానే మధ్యమధ్యలో గుర్రుమంటుంటే నీళ్ళు ఎక్కడో బయటికి పోతున్నట్టే. ఎంత వెతికినా ఎక్కడా తడి లేకపోతే పంపులోని చెక్ వాల్వ్ నీళ్ళను వెనక్కి వదులుతోందేమో చూడాలి. షవర్ ట్యాపు వెనక యాక్సెస్ ప్యానెల్ కోసం వెతుకు. చాలా మోడళ్ళలో అది పక్కనున్న బట్టల అల్మరాలోనో, సింకు కింద క్యాబినెట్‌లోనో నాలుగు స్క్రూలతో బిగించి ఉంటుంది. అది తీసి, పొడి టిష్యూ పేపర్‌తో ఒక్కో జాయింటూ చుట్టూ తుడువు. కంటికి కనపడని చెమ్మ కూడా టిష్యూ మీద తెలుస్తుంది.

నాకు ఎక్కువ అనుమానం ఇక్కడే. నువ్వు బండి కొన్నది శీతాకాలం అయ్యాక. ఒహాయోలో చలికాలమంతా అది బయటే ఉంది. పైపుల్లో నీళ్ళు గడ్డకట్టకుండా గులాబీ రంగు యాంటీఫ్రీజ్ ద్రవం ఎక్కించారో లేదో పాత ఓనర్‌ని అడుగు. వంటింటి సింకూ టాయిలెట్టూ గుర్తుంటాయి, షవర్‌నీ బండి బయట ఉండే షవర్‌నీ చాలామంది మర్చిపోతారు. అక్కడ నిలిచిన నీళ్ళు గడ్డకట్టి ట్యాపు బాడీని చీలుస్తాయి. ఆ పగులు వాల్వు దాటిన భాగంలో ఉంటే, షవర్ కట్టేసి ఉన్నంతసేపూ చుక్క పడదు, తిప్పినప్పుడే కారుతుంది. పంపు పరీక్షలో అది దొరకదు. కాబట్టి హ్యాండ్ షవర్ చివర నేరుగా బకెట్లో పెట్టి, గోడల మీద చుక్క పడకుండా అయిదు నిమిషాలు నీళ్ళు వదులు. ఆ టైములో అమ్మాయి ప్యానెల్ వెనక టార్చి వేసి చూస్తూ ఉండాలి.

అక్కడ పొడిగా ఉంటే డ్రెయిన్‌కి రా. ముందు గ్రే ట్యాంకు (షవర్, సింకుల వాడిన నీళ్ళు చేరే ట్యాంకు) ఖాళీ చెయ్యి. అది నిండితే నీళ్ళు వెనక్కి తన్ని అన్నిటికన్నా కిందున్న షవర్ పాన్‌లోకే వస్తాయి. దాన్ని లీకు అనుకుని టెన్షన్ పడకూడదు. పాన్ పూర్తిగా తుడిచి, మగ్గుతో నీళ్ళు సరిగ్గా డ్రెయిన్ నోట్లోకే పొయ్యి. కింద తడిస్తే ట్రాప్ దగ్గరో, ఆ కింది పైపు దగ్గరో ఉంది తప్పు. తడవకపోతే రబ్బరు మూత పెట్టి పాన్‌లో రెండంగుళాల నీళ్ళు నింపు. కాస్త ఫుడ్ కలర్ కలుపు, కొత్త నీళ్ళో పాత తడో తెలిసిపోతుంది. నీటి మట్టం దగ్గర మాస్కింగ్ టేపు అంటించి గంట సేపు వదిలెయ్యి. మట్టం తగ్గి కింద రంగు నీళ్ళు కనపడితే పాన్ పగిలిందన్నా ఉండాలి, డ్రెయిన్ చుట్టూ సీలు పోయిందన్నా ఉండాలి. కింద ఏమీ లేకుండా మట్టం తగ్గితే మూతే సరిగ్గా పట్టలేదు.

గంట తర్వాత మట్టం అలాగే ఉన్నా సంతోషపడకు. నువ్వు ఆ నీళ్ళలోకి దిగి నిలబడు. ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చు. కింద ఆధారం లేని పాన్ మనిషి బరువుకి వంగుతుంది, డ్రెయిన్ అంచు దగ్గర సన్నగా విచ్చుకుంటుంది, దిగిపోగానే మళ్ళీ మూసుకుంటుంది. స్నానం చేస్తే కారుతోంది, చూస్తే ఏమీ లేదు అనే కేసుల్లో చాలా మటుకు సంగతి ఇదే. పాన్ కాలి కింద కిర్రుమన్నా, మెత్తగా దిగినా అనుమానం గట్టిపడినట్టే.

చివరిది చిందే నీళ్ళు. పాన్ అంచు నుంచి మొదలుపెట్టి కింద నుంచి పైకి, ఒక్కో మూలకీ కొంతసేపు ఆగుతూ నీళ్ళు కొట్టు. తలుపు కింది ట్రాక్‌లో చిన్న రంధ్రాలుంటాయి, అవి నీళ్ళను మళ్ళీ పాన్‌లోకి పంపడానికి. పాత ఓనర్ వాటిని సీలెంట్‌తో మూసేశాడేమో చూడు.

ఇక రిపేరు. ట్యాపు వెనక ప్లాస్టిక్ నట్లయితే చేత్తో బిగించి, ఆపైన పావు చుట్టు చాలు. పానా పెట్టి బిగిస్తే పగులుతాయి. లోపల వాషర్ ఉండే నట్లకు టెఫ్లాన్ టేపు అక్కర్లేదు, వాషర్ మార్చు. ట్యాపు బాడీ చీలితే అతికించే ప్రయత్నం చెయ్యకుండా కొత్తది కొను. ఆర్వీ షవర్ ట్యాపులకు రెండు పైపుల మధ్య దూరం సాధారణంగా నాలుగంగుళాలు, ముందు కొలుచుకో. పెక్స్ పైపే (నీళ్ళు వచ్చే ప్లాస్టిక్ పైపు) పగిలితే ఆ ముక్క కోసేసి, నొక్కితే పట్టేసే పుష్ ఫిట్ కనెక్టర్ వెయ్యి, రింగులు నొక్కి బిగించే క్రింప్ పరికరం కొనక్కర్లేదు. క్యాంప్‌గ్రౌండ్ల ప్రెషర్‌ని నమ్మకు, బయటి కుళాయికి రెగ్యులేటర్ పెట్టి ప్రెషర్ 50 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) దాటకుండా చూసుకో.

డ్రెయిన్ సీలు పోతే కింది పెద్ద నట్టు విప్పి, పాత పదార్థమంతా గీకేసి, కొత్త రబ్బరు గ్యాస్కెట్ వేసి పై అంచుకి సిలికాన్ పెట్టు. మామూలు ప్లంబర్స్ పుట్టీ వద్దు, అందులోని నూనె ఏబీఎస్‌ని దెబ్బతీస్తుంది. పాన్ వంగుతుంటే ఆ సీలు ఎన్నాళ్ళూ నిలవదు, కింద ఆధారం ఇవ్వాల్సిందే. చేతికి అందే చోట ప్లైవుడ్ ముక్కలు దూర్చడం నాకు నచ్చిన పద్ధతి. అందని చోట తక్కువగా ఉబ్బే స్ప్రే ఫోమ్ వాడు, కానీ అది ఆరేదాకా పాన్‌లో నీళ్ళ బకెట్లు బరువుగా పెట్టాలి, లేకపోతే పాన్‌నే పైకెత్తేస్తుంది. ట్రాప్ చుట్టూ మాత్రం ఫోమ్ కొట్టకు, రేపు విప్పాలంటే దారి ఉండదు. పాన్‌లో చిన్న పగులైతే రెండు చివర్లా సన్నటి రంధ్రం వేసి, అది సాగకుండా ఆపి, ఫైబర్‌గ్లాస్ కిట్‌తో అతుకు. జానెడు పొడుగు పగులైతే పాన్ మార్చడమే మంచిది.

అంచుల దగ్గరే లీకని తేలితే అప్పుడు తీసుకో సిలికాన్ ట్యూబు. పాత సిలికాన్ మీద కొత్తది అంటదు, ప్లాస్టిక్ స్క్రేపర్‌తో పూర్తిగా తీసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి ఆరనియ్యి. పాన్‌లో బరువు పెట్టి, సందు విచ్చుకుని ఉండగా పుయ్యి. 24 గంటలు నీళ్ళు తగలనివ్వకు.

లీకు ఆగగానే ప్యానెల్ మూసెయ్యకు. ఉబ్బిన ఫ్లోరింగ్ కొద్దిగా ఎత్తి, స్క్రూడ్రైవర్ మొనతో చెక్కని పొడిచి చూడు. గట్టిగా ఉంటే ఫ్యానూ డీహ్యూమిడిఫయ్యరూ పెట్టి ఆరబెట్టు. తడి మీటర్ ఒకటి కొని, పడకగది ఫ్లోర్‌లో వచ్చే అంకె ఇక్కడా వచ్చేదాకా ఆగు. మొన సులువుగా దిగితే ఆ మేరకు ప్లైవుడ్ కోసి మార్చాల్సిందే. బండి అడుగున ఉండే ప్లాస్టిక్ షీటు పొట్టలా వేలాడుతోందేమో కూడా చూడు. అందులో నీళ్ళు నిలిస్తే ఇన్సులేషన్ ఎన్నాళ్ళకీ ఆరదు. ఆ నల్ల మరకని తాకేటప్పుడు ఎన్95 మాస్కు పెట్టుకో, పిల్లల్ని లోపలికి రానివ్వకు.

మే చివర వచ్చే మెమోరియల్ డే సెలవుకి స్మోకీ మౌంటెన్స్ వెళ్ళాలన్నావు. నేషనల్ పార్కు లోపలి క్యాంప్‌గ్రౌండ్లలో షవర్లు ఉండవు. అప్పటికి ఫ్లోరు ఆరకపోతే పార్కు బయట షవర్లున్న క్యాంప్‌గ్రౌండ్‌కి బుకింగ్ మార్చుకో, మీ షవర్ వాడకండి. ప్యానెల్ తీశాక వెనక నుంచి ట్యాపు ఫోటో పంపు, దాన్ని చూశాక ఏ సామాను తెప్పించాలో చెబుతాను.

ఇట్లు,
మీ పెదనాన్న